వి. పక్షులు

ఫిబ్రవరి 10, 1976, మంగళవారం

ఇవాళ్టి నుంచి రాసుకోక తప్పదు. నిన్న హెడ్మాస్టరు సీతారామారావు గారు నన్ను ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగారు. నేను మూడు రకాలుగా చెప్పాను. మూడూ నిజాలే. కానీ ఆయన మూడింటినీ మూడు కాగితాల మీద రాయించి, పక్కపక్కన పెట్టి, "చూశారా, మాట మారుస్తోంది" అన్నారు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకుంటే, ఎన్నిసార్లు అడిగినా ఒకటే చెప్పొచ్చు. ఇది ఎవరికీ చూపించను. ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంటుంది.

నా పక్షుల నోటుబుక్కు హాజరుపట్టీ కింద మర్చిపోయాను. హాజరుపట్టీ కోసం వచ్చిన హెడ్మాస్టరు గారు దాన్ని తెరిచారు. తెరిచిన పేజీలో ఇలా ఉంది:

"25-1-76. వి. పక్షులు. పొద్దున 6.10. సుమారు నలభై. చెరువు కట్ట దగ్గర గుంపుగా. నాన్న ఒక రాయి. వెంటనే లేచాయి. ఉత్తరంగా వెళ్లాయి."

వి. అంటే విస్సన్నపేట. ప్రతిసారీ అంత పేరు ఎవరు రాస్తారు? మా తిరువూరువి తి. పక్షులు, గంపలగూడెంవి గం. పక్షులు, పెనుగొలనువి పె. పక్షులు. ఇందులో నాకు ఏ తప్పూ కనపడలేదు.

హెడ్మాస్టరు గారు పైకి చదివారు. "విపక్షులు."

స్టాఫ్ రూములో అందరూ తలలు దించుకున్నారు. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. మా బడి గోడ మీద కూడా 'మాటలు తక్కువ, పని ఎక్కువ' అని రాయించారు. ఇలాంటి రోజుల్లో విపక్షులు అనే మాట గట్టిగా అనకూడదు. అన్నది ఆయనే, కానీ అందరూ నా వైపు చూశారు.

"మా ఊళ్లో విపక్షులా!" అన్నారాయన. ఆయనది విస్సన్నపేట. ప్రతి శనివారం సాయంత్రం అక్కడికే వెళ్తారు. "అందులోనూ నలభై మంది!"

"మంది కాదండి. నలభై అండి."

"చెరువు కట్ట దగ్గరా! రాయి కూడానా! ఈ నాన్న ఎవరు? వాళ్ల నాయకుడా?"

"మా నాన్నండి."

"అందరూ అలాగే పిలుస్తారన్నమాట," అని ఆయన రాసుకున్నారు.

మార్చి ఒకటికి నాకు ఉద్యోగంలో రెండేళ్లు నిండుతాయి. ఆ రోజు పర్మనెంటు ఆర్డరు రావాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది సీతారామారావు గారే. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, కానీ నా సంతకంతో అయ్యే పని కాదు.

ఫిబ్రవరి 11

నేను కంగారు పడటం లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

కెమెరా సంగతి కూడా రాసి పెట్టుకోవాలి. అడిగితే తడుముకోకూడదు.

టీచరు ట్రైనింగులో నాకు పాఠం చెప్పిన సిస్టరు గారు ఇటలీ వెళ్లిపోతూ తన డబ్బా కెమెరా నాకిచ్చారు. "కదలని వాటిని తీసుకో" అన్నారు. అది సలహా అనుకున్నాను గానీ ఆజ్ఞ అనుకోలేదు. నేను ఎగిరే పక్షుల్నే తీస్తున్నాను. కూర్చున్న పిట్టని ఎవరైనా చూస్తారు. రెక్క విప్పితే లోపల ఏముందో చూసేలోపు అది వెళ్లిపోతుంది. అందుకని.

రీలుకు పన్నెండు ఫోటోలు. కెమెరాను పొట్టకి ఆనించి, తల వంచి, పైనున్న చిన్న అద్దంలో చూడాలి. ఆ అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనపడుతుంది. పక్షి ఇటు వెళ్తే నేను అటు తిరుగుతాను. అలవాటవుతోంది.

నాన్నకి పక్షులు బాగా తెలుసు. పదేళ్ల వయసు నుంచి జొన్నచేలల్లో మంచె మీద నిలబడి, ఒడిసెలతో రాళ్లు విసిరి వాటిని తోలాడు. నాన్న పేరు శౌరయ్య. శౌరయ్య కాపలా ఉంటే చేలో గింజ పోదని పేరు. "వాటిని తోలటానికి నన్ను పెట్టుకున్నారు. ఫోటో తియ్యటానికి వాటి ఎనకాల పడేదాన్ని నిన్నే చూశా," అంటాడు. అయినా నేను అడిగితే ఒడిసెల భుజాన వేసుకుని వస్తాడు. నేను "ఊఁ" అంటాను. నాన్న రాయి విసురుతాడు. రాయి పక్షులకు తగలదు, పక్కన పడుతుంది. అవి లేస్తాయి. నలభై ఏళ్లలో ఒక్కదానికి కూడా తగలనివ్వలేదని ఆయన గొప్ప.

జనవరి 24 రాత్రి విస్సన్నపేటలో మా మేనత్త మాణిక్యమ్మ ఇంట్లో పడుకున్నాం. మర్నాడు ఆదివారం తెల్లవారేసరికి చెరువు దగ్గరకు వెళ్లాం. పల్చగా మంచు ఉంది. నేను అద్దంలోనే చూస్తున్నాను. "ఊఁ" అన్నాను. ఈసారి రాయి నీళ్లలో పడిన చప్పుడు రాలేదు. ఖంగుమంది.

"ఏంటి నాన్నా అది?"

"గుడిగంటేమోలే," అన్నాడు నాన్న. బస్సు టైమవుతోందని వచ్చేశాం.

మర్నాడు జెండా వందనంలో హెడ్మాస్టరు గారు మాట్లాడుతూ, "నిన్న ఉదయం నేను విధి నిర్వహణలో ఉండగా దుండగులు నా మీద రాయి విసిరారు. వెంట్రుకవాసిలో తప్పింది. ఇది విపక్షుల పని. నేను వదిలిపెట్టను," అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆదివారం పొద్దున్నే కూడా ఆయన విధిలో ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. గౌరవం కలిగింది.

ఫోటోలు స్టూడియో అంకారావు గారు కడిగి ఇచ్చారు. పన్నెండులో పదకొండు బాగా వచ్చాయి. మొదట చూస్తే ఖాళీ ఆకాశంలా ఉంటాయి. ఓపిగ్గా చూస్తే మూడోదానిలో కుడిమూల ఒక రెక్క కొస ఉంది. ఏడోదానిలో అప్పుడే పక్షి వెళ్లిపోయిన భావన ఉంది.

"ఆకాశం భలే వచ్చిందమ్మా," అన్నారు అంకారావు గారు. "పిట్టని కాసేపు కదలొద్దని చెప్పకపోయావా? మా స్టూడియోలో పెళ్లికూతుళ్లకి అదే చెప్తా."

తొమ్మిదోది ఒక్కటే పాడైంది. కింద ఒక తాటిమొద్దు అడ్డం వచ్చింది, పైన ఏదో గీత పడింది. దాని వెనకాల 'కింద మొద్దు, పనికిరాదు' అని రాసి పక్కన పెట్టాను. వారపత్రికలో ప్రకృతి ఫోటోల పోటీ ఉంది. మార్చి 10 ఆఖరు తేదీ. మూడోది పంపాలా, ఏడోది పంపాలా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఇప్పుడు నోటుబుక్కులో దాచుకున్న పన్నెండూ, వాటి నెగెటివులూ, నోటుబుక్కుతో సహా హెడ్మాస్టరు గారి బీరువాలో ఉన్నాయి.

ఫిబ్రవరి 13, శుక్రవారం

మెమో ఇచ్చారు. కాపీ చేసుకుంటున్నాను.

"ఒకటి: విపక్షుల పేర్లు, చిరునామాలు తెలుపవలెను. రెండు: తి., గం., పె. అను శాఖల వివరములు తెలుపవలెను. మూడు: 'వి' తరువాత గల చుక్క ఎవరు పెట్టిరి, ఎప్పుడు పెట్టిరి, ఎవరి ప్రోద్బలముతో పెట్టిరి. నాలుగు: పదకొండు ఫోటోలలో వారిని ఎందువలన కనపడకుండా చేసితిరి. 16వ తేదీ సాయంత్రము అయిదు గంటలలోగా జవాబు ఇవ్వనియెడల"

ఇవ్వనియెడల ఏమవుతుందో లేదు. కాగితం అయిపోయింది.

ఫిబ్రవరి 14

మా తెలుగు మాస్టారు బసవపున్నయ్య గారు మంచివారు. నాకు సాయం చెయ్యాలని ఆయనే హెడ్మాస్టరు గారి గదిలోకి వచ్చారు.

"అయ్యా, 'వి' అనే శబ్దానికి సంస్కృతంలో పక్షి అనే అర్థం ఉందండి. కాబట్టి ఆ అమ్మాయి పక్షుల గురించే రాసింది."

నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ మాస్టారు అక్కడ ఆగలేదు. ఆయన ఎప్పుడూ ఆగరు.

"అయితే అప్పుడు 'పక్షి పక్షులు' అని అవుతుంది. చెప్పిందే చెప్పినట్టు. దాన్ని పునరుక్తి దోషం అంటాం."

"దోషం ఉందా?"

"దోషమేనండి, వ్యాకరణరీత్యా..."

"రాయండి. దోషం ఉందని పండితులు తేల్చారు."

బయటికి వచ్చాక మాస్టారు నా మొహం చూడలేక, "చిన్న దోషమేనమ్మా," అన్నారు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఇవాళ ఎక్కడికీ వెళ్లలేదు. చర్చిలో పూజ అయినంతసేపూ గోడ మీది పావురం బొమ్మనే చూశాను. రెక్కలు అలా పెడితే పావురం ఎగరలేదు, పడిపోతుంది. ఫాదర్ గారికి చెప్పాలనుకున్నాను. ఇప్పుడు కాదులే అని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

జవాబు ఇచ్చాను. పేర్లు: ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, నీటికాకి. చిరునామా: చెరువు. స్థిరనివాసం లేదు. చుక్క నేనే పెట్టాను, నా సొంత ఆలోచన.

హెడ్మాస్టరు గారు నా ఎదురుగానే చదివారు.

"స్థిరనివాసం లేదంటే పరారీలో ఉన్నారన్నమాట. నీటికాకి అనేది మారుపేరా?"

"కాదండి, నల్లగా ఉంటుందండి. నీళ్లలో మునిగి చేపల్ని పడుతుందండి."

"చూడు జ్ఞానమణీ. నువ్వు చదువుకున్నదానివి. మీ ఇంట్లో మొదటిదానివి. 'లేచాయి', 'వెళ్లాయి' అని రాశావు. మనుషుల్ని అట్లా రాస్తే ఎవరికీ అనుమానం రాదని ఎవరు నేర్పారు?"

"పక్షుల్ని 'వెళ్లారు' అని రాయకూడదు కదండి."

"ఒప్పుకున్నావు. 'వెళ్లారు' అని రాయకూడదని నీకు ముందే తెలుసు."

పద్దెనిమిదిన విచారణ. బడి కమిటీ ప్రెసిడెంటు జగన్నాథరావు గారు కూడా వస్తారట. తొమ్మిదో ఫోటోను అంకారావు గారి చేత పెద్దది చేయిస్తున్నారు. ఆ మొద్దు మొద్దు కాదు, మనిషని హెడ్మాస్టరు గారి అనుమానం.

నేను కంగారు పడటం లేదు. అన్నం సయించలేదు, అది వేరే.

ఫిబ్రవరి 18, బుధవారం

అంతా వరసగా రాయాలి.

హెడ్మాస్టరు గారి గదిలో ఆయన, ప్రెసిడెంటు గారు, తెలుగు మాస్టారు, నేను. ఆయా పుల్లమ్మ టీ తెచ్చి తలుపు దగ్గరే నిలబడింది. అంకారావు గారు ఫోటోను క్యాలెండరంత చేసి తెచ్చి గోడకు ఆనించారు.

నేను పైభాగమే చూశాను. అది గీత కాదు. ఎర్రకాళ్ల కొంగ. రెండు రెక్కలూ పూర్తిగా విప్పి, కాళ్లు వెనక్కి చాపి, గాలికి ఎదురు తిరిగి ఆకాశంలో ఆగినట్టు ఉంది. రెక్క చివర ఈకలు చేతివేళ్లలా విడివిడిగా ఉన్నాయి. ఈకకీ ఈకకీ మధ్య వెలుతురు కూడా కనపడుతోంది. అది నేను తీసిందే. దాని వెనక 'పనికిరాదు' అని రాసింది కూడా నేనే.

ఈలోగా వాళ్లు కిందిభాగం చూస్తున్నారు.

"దొరికాడు!" అన్నారు హెడ్మాస్టరు గారు. "నేను చెప్పలా? మనిషే. వెనకాల 'కింద మొద్దు' అని రాసింది చూడండి. మొద్దు అనేది వీడి రహస్యనామం."

"కూర్చుని ఏం చేస్తున్నాడండీ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మంతనాలండి."

"ఒక్కడేనా?"

"మిగతా ముప్పై తొమ్మిది మంది చెట్ల చాటున ఉండి ఉంటారు. వాడి పక్కన చూడండి, గుండ్రంగా. బాంబండి అది."

తెలుగు మాస్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "బాంబు కాదండి. చెంబు."

ప్రెసిడెంటు గారు తనూ ఒకసారి వంగి చూశారు. నేను మాత్రం ఇంకా రెక్క దగ్గరే ఉన్నాను.

"ఏదైతేనేం," అన్నారు హెడ్మాస్టరు గారు. "ముఖం వంచుకున్నాడు, కనపడదు. కానీ మెడకు గళ్ల మఫ్లరు ఉంది. అదే మనకు ఆధారం. ఈ తాలూకాలో ఇట్లాంటి గళ్ల మఫ్లరు ఎవడికి ఉందో పట్టుకుంటే చాలు. నోట్ చేసుకోండి మాస్టారూ."

మాస్టారు నోట్ చేసుకోలేదు. భూతద్దం మెల్లిగా ఫోటో మీద నుంచి తీసి హెడ్మాస్టరు గారి మెడ వైపు చూశారు. ఆయన మే నెలలో కూడా మఫ్లరు తీయరు, గొంతు పాఠాలకు కావాలంటారు. ప్రెసిడెంటు గారూ అటే చూశారు. చివరికి హెడ్మాస్టరు గారు కూడా గడ్డం దించి తన మెడ చూసుకున్నారు.

పుల్లమ్మ తలుపు దగ్గర్నుంచి, "అయ్యగారు భలే పడ్డారండీ," అంది.

ప్రెసిడెంటు గారికి టీ పొలమారింది. మాస్టారు ఆయన వీపు నిమిరారు. ఎవరో ఒకరు మాట్లాడితే బాగుంటుందని నేను, "సార్, రెక్క చూశారా?" అన్నాను.

విచారణ వాయిదా పడింది. ఎప్పటికో చెప్పలేదు.

ఫిబ్రవరి 19

ఖంగుమన్నది గుడిగంట కాదు, చెంబని నాన్నకి చెప్పాను. నాన్న భుజం మీది ఒడిసెల తీసి మేకుకి తగిలించాడు. తర్వాత, "నలభై ఏళ్లలో ఒకదానికి తగిలింది," అన్నాడు.

ఫిబ్రవరి 21, శనివారం

హెడ్మాస్టరు గారు పిలిపించారు. మఫ్లరు లేదు. మెడ పసిపిల్లాడి మెడలా ఉంది. నాకు ఆయన మీద జాలి వేసింది. బహుశా అది కూడదేమో.

బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి నా పర్మనెంటు ఆర్డరు, టైపు చేసి ఉంది, సంతకం లేదు. రెండోది నేను సంతకం చెయ్యాల్సింది. అందులో ఒకటే వాక్యం: '25-1-76న విస్సన్నపేట చెరువు వద్ద పక్షులు లేవు.'

"ఇది చాలు," అన్నారు. "పక్షులు లేవు. పక్షులు లేకపోతే ఫోటో లేదు. ఫోటో లేకపోతే రాయి లేదు. నువ్వు దీని మీద సంతకం పెట్టు, నేను దాని మీద పెడతా."

"పక్షులు ఉన్నాయి కదండి."

"ఉన్నాయని నేనెక్కడ కాదన్నాను? లేవని రాయమంటున్నా."

"నెగెటివూ, పెద్ద ఫోటో ఇప్పిస్తారా సార్? పోటీకి పంపాలి."

ఆయన నా వైపు చూసిన చూపు నేను వర్ణించలేను. "వారపత్రికకా?" అన్నారు. "రాష్ట్రమంతటా?"

"ఎగిరే పక్షి అంత స్పష్టంగా మళ్లీ రాదండి."

"రాకూడదు," అన్నారు.

సోమవారం చెప్తానని వచ్చేశాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇంట్లో చెప్పాను. అమ్మ చేతిలో చేట అలాగే పట్టుకుని విన్నది.

"లేవని రాసెయ్యవే. ఏం పోయింది? కొంగలు వచ్చి చదువుతయ్యా?" అంది అమ్మ. "కూలికి పోకుండా నీడపట్టున కూర్చునే పని. మన ఇంట్లో ఎవరికన్నా ఉందా? కొంగల కోసం పోగొట్టుకుంటావా?"

"అమ్మా, ఉన్నయ్యే."

"ఉంటే ఉన్నయ్. నీకేమన్నా చుట్టాలా?"

నాన్న గోడకి ఆనుకుని ఒడిసెల తాడు అల్లుకుంటున్నాడు. "ఆ కాగితంలో ఏముందో మళ్లీ చదువు," అన్నాడు. చదివాను.

"లేవని రాశాడా?"

"ఊఁ."

"నలభై ఒకటి ఉన్నయ్. నేను లెక్కపెట్టా." నాన్నకి చదువు రాదు గానీ, చేను మీద వాలిన గుంపుని ఒక్క చూపులో లెక్కపెడతాడు. ఆ లెక్క తప్పిందని ఏ ఆసామీ అనలేదు. "నువ్వు నలభై అని రాసుకున్నావు, ఒకటి తక్కువ. అయినా సుమారు అన్నావు కాబట్టి ఊరుకున్నా. ఇప్పుడు ఒక్కటి కూడా లేదంటే, నేను పొద్దున్నే లేచి దేన్ని తోలినట్టు?"

"ఏందయ్యా, నువ్వు కూడా చెడగొట్టు పిల్లని," అంది అమ్మ.

"నేను ఏం చెప్పలా. లెక్క చెప్పా." మళ్లీ తాడు అల్లుకున్నాడు.

ఫిబ్రవరి 23

ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పాను. హెడ్మాస్టరు గారు తలుపు వైపు చూసి, "మెల్లిగా," అన్నారు.

ఫిబ్రవరి 26

బడిలో ఎవరూ ఏమీ అనరు. ఎనిమిదో క్లాసు పిల్లలు మాత్రం గళ్ల కాపీపుస్తకాలు చూసి నవ్వుకుంటున్నారు. పుల్లమ్మ ఎవరికీ చెప్పలేదంటోంది.

ఇవాళ కొంచెం కంగారుగా ఉంది.

ఫిబ్రవరి 28, శనివారం

రాశాను. నాలుగుసార్లు చించాను. ఇది అయిదోది. రేపు తిరగరాసి సోమవారం పొద్దున ఇస్తాను. ఏం ఇచ్చానో గుర్తుండాలి కాబట్టి ఇక్కడ కూడా పెట్టుకుంటున్నాను.

మహారాజశ్రీ హెడ్మాస్టరు గారి దివ్యసముఖమునకు,

జ్ఞానమణి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

తమరు సంతకం చేయమన్న కాగితం ఇందువెంట తిరిగి పంపుతున్నాను. పక్షులు లేవని వ్రాయలేను. నలభై ఒకటి ఉన్నవి. నలభై అని ఇదివరకు వ్రాసినది నా పొరపాటు, మా నాన్నగారు సరిదిద్దినారు.

కానీ అక్కడ మనుషులెవరూ నాకు కనపడలేదని వ్రాసి ఇవ్వగలను. అది నిజమే. నేను ఆ సమయంలో అద్దంలో పక్షులనే చూస్తున్నాను. ఎక్కడ అడిగినా, ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పగలను. 'మొద్దు' అని వ్రాసినందుకు క్షమించవలెను. అది తాటిచెట్టును గురించి.

చెంబుకు సొట్ట పడి ఉంటే ఇప్పించండి. మా నాన్నగారు కంచరివాని చేత బాగు చేయించి తెస్తామన్నారు. వారికి చాలా బాధగా ఉన్నది.

నెగెటివు తమరి వద్దనే ఉంచుకోగలరు. పెద్ద ఫోటోను మఫ్లరుకూ తలకూ పైగా అడ్డంగా కత్తిరించిన చాలును. కింది సగముతో నాకు పనిలేదు. పై సగము మాత్రము నాకు ఇప్పించగలరు. ఆర్డరు విషయము తమరి దయ.

పోటీకి మార్చి 10వ తేదీలోగా ఫోటో చేరవలెను. పోస్టులో నాలుగు రోజులు పట్టును. కావున మార్చి 5వ తేదీ శుక్రవారం సాయంత్రములోగా, పై సగము గురించి, తమరి జవాబు ఇప్పించ ప్రార్థన.